ప్రశ్నలో పడిపోయిన ముసలావిడ

ఆ గదిలో అందరూ ఆమెను త్రాసమ్మ అనేవారు. పేరు పెట్టింది ఎదురు బల్ల మాస్టారు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటే భార్యతో రోజుకో తగువు తప్పడం లేదని ఈ పనికి కుదిరిన పెద్దమనిషి ఆయన. ఒకే కాగితానికి ఇద్దరు విడివిడిగా మార్కు వేయాలి, ఒకరిది ఒకరు చూడకూడదు. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే వందలో తొంభై ఆరు కాగితాలకు ఆమె అంకె, అవతలివారి అంకె ఒకటే అయ్యేవి. ఆ ఆఫీసు పుట్టాక అంత గురి ఎవరికీ కుదరలేదని ప్రొఫెసరు గారు ఒక మీటింగులో నలుగురి ఎదుటా అన్నారు. ఆమె ఆ మాటను ఇంటికి తీసుకువెళ్ళి భర్తకు రెండుసార్లు చెప్పుకుంది. అందులో తప్పేముంది? మెచ్చుకోలు ఏ పూటా దొరికే వస్తువు కాదు.

పని చూడటానికి తేలిక. బడుల్లో పన్నెండేళ్ళ పిల్లలకు ఒక ప్రశ్న ఇస్తారు. చేతిరాత చూసి ఎవరూ మోసపోకుండా వాళ్ళు రాసిన జవాబు ముందు టైపిస్టు దగ్గరికి వెళ్తుంది. పేరున్న చీటీని మడిచి స్టేపుల్ కొట్టి, పైన కోడు వేస్తారు. కోడు చివర ఒకటి ఉంటే మగపిల్లాడు, రెండుంటే ఆడపిల్ల. అంతకు మించి ఏ బడో, ఎవరి బిడ్డో తెలియదు. ఇక ఆకుపచ్చ అట్ట మాన్యువల్ తెరిచి, మంచీ చెడూ తేల్చుకోవడంలో ఆ బిడ్డ ఎన్నో మెట్టు మీద ఉందో ఒకటి నుంచి ఆరు దాకా పెన్సిలుతో వేయాలి.

ప్రశ్న ఇరవై రెండేళ్ళుగా అదే. పరీక్ష కేంద్రం గేటు సరిగ్గా తొమ్మిదింటికి మూయాలని నియమం. ఒక విద్యార్థిని తొమ్మిదీ అయిదుకు వచ్చింది. దారిలో ఒక ముసలావిడ పడిపోతే, లేపి పక్కన కూర్చోబెట్టడంలో ఆమెకు ఆలస్యమైంది. గేటు కాపలాదారు గేటు తీయాలా, వద్దా? ఎందుకు?

తీస్తే ఉద్యోగం పోతుందని రాస్తే రెండు. పాపం అని తీయమంటే మూడు. నియమం అందరికీ ఒకటే అంటే అయిదు. ఆ నియమం ఎందుకు పుట్టిందో ఆలోచించి, రేపు ఇంకెవరికైనా ఇదే వర్తించేలా తీర్పు చెబితే ఆరు. ప్రశ్నను వదిలేసి ఇంకేదో రాస్తే ఒకటి. ఆమెకు మాన్యువల్ తెరవాల్సిన అవసరం ఎప్పుడో తీరిపోయింది.

సోమవారం సాయంత్రం, చివరి కట్ట చివర్లో ఉన్నారు. మాస్టారు టీ చల్లార్చుకుంటున్నారు. చేతిలో కాగితం చదువుతూ చదువుతూ ఆమె నవ్వాపుకోలేకపోయింది.

"మాస్టారూ, అంకె వేశాక ఇది వినండి. ఆస్పత్రి వాళ్ళెవరో మన పరీక్ష రాశారు."

ఆయన తన కాపీ మీద అంకె వేసి పెన్సిలు కింద పెట్టారు. ఆమె గొంతు సవరించుకుని, చిన్నపిల్ల గొంతు పెట్టి చదివింది.

"గేటు సంగతి నాకు తెలీదు. ఆ అవ్వ ఇప్పుడు ఎక్కడ ఉంది? పక్కన కూర్చోబెట్టారు అన్నారు కదా, ఆవిడ దగ్గర ఎవరైనా ఉన్నారా? లేకపోతే ఆ అక్క అయినా, గేటాయన అయినా ఎవరో ఒకరు ముందు అక్కడికి వెళ్ళాలి. తుంటి విరిగితే కూర్చోబెట్టకూడదు కూడా. గేటు గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు."

మాస్టారికి టీ పొలమారింది. "గేటు తీయాలా వద్దా అంటే అవ్వేదంటుందేమిటి ఇది! దీన్ని రైలెక్కమంటే స్టేషన్లో బల్ల మీద పడుకున్నాయన్ని లేపి, ఒంట్లో ఎలా ఉందని అడుగుతూ కూర్చుంటుంది!"

"నాకూ టైపు చేస్తుంటే నవ్వొచ్చింది మేడమ్," అంది గుమ్మంలోంచి టైపిస్టు.

ముగ్గురూ ఇంకాసేపు నవ్వారు. రోజంతా గేటు గురించే చదివి చదివి మొద్దుబారిన బుర్రలకు అది కాస్త విశ్రాంతి. తర్వాత పోల్చుకున్నారు. ఆమె వేసింది ఒకటి. ఆయన వేసిందీ ఒకటే. ఇద్దరి అంకెలూ కలిసిన కాగితాలు అయిపోయినవాటి కట్టలోకి వెళ్తాయి. కలవనివి మాత్రమే ప్రొఫెసరు గారి బల్ల మీదికి వెళ్తాయి. ఆమె ఆ కాగితాన్ని అయిపోయినవాటి కట్టలో పెట్టి, అంచులు బల్లకు తట్టి సరిచేసి, రబ్బరు బ్యాండు వేసింది.

గురువారం ఇంటికి వచ్చేసరికి ఇల్లంతా ముభావంగా ఉంది.

ఆమె చెప్పులు విడిచి నేరుగా అత్తగారి గదిలోకి నడిచింది. రెండు నెలలుగా అది అలవాటు. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి. మోకాళ్ళ మధ్య దిండు జారకుండా చూడాలి. వీపు తుడిచి, తడి ఆరాక పౌడరు వేయాలి. ఆమె అరచేతిని పెద్దావిడ నడుం కిందికి పోనిచ్చి, "అత్తయ్యా, ఊపిరి పీల్చండి, ఇప్పుడే," అని ఒక్క కదుపులో పక్కకు తిప్పింది. ఎప్పుడూ రెండో వైపు నిలబడి దిండు పట్టుకునే కూతురు ఈ రోజు గదిలో లేదు.

"పిట్ట ఏదత్తయ్యా?"

"ఏమోనమ్మా, బడి నుంచి వచ్చినప్పటి నుంచీ మాట లేదు. నాకు నీళ్ళు పట్టి వెళ్ళిపోయింది. అడిగితే కళ్ళు తుడుచుకుంటోంది."

బస్సు డిపోలో టైర్లు మార్చే భర్త అప్పటికే వచ్చి, వంటింట్లో ఒక కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు. బాధను నవ్వులో కలిపి మింగే మనిషి.

"రావోయ్, నీ ఆఫీసు వాళ్ళు మనింటికి ప్రేమలేఖ పంపారు. ఊళ్ళో పిల్లల మెట్లన్నీ లెక్క పెట్టే మనిషి ఇంట్లోనే కిందమెట్టు దొరికింది."

నైతిక వివేచనలో మొదటి మెట్టు దాటని విద్యార్థులకు శనివారం ఉదయం ప్రత్యేక తరగతి. హాజరు తప్పనిసరి. తల్లి గానీ తండ్రి గానీ సంతకం చేసి పంపవలెను. కింద ప్రొఫెసరు గారి సంతకం. ఆ సంతకాన్ని ఆమె రోజూ చూస్తుంది.

"ఏదో పొరపాటై ఉంటుంది," అంది ఆమె. "మన పిట్టేమిటి, ఒకటేమిటి? ఆ పిల్ల అంత మొద్దేం కాదు."

"పొరపాటో గ్రహపాటో, నోటీసు బోర్డు మీద పేరు పెట్టారట. క్లాసులో పిల్లలు ‘ఫస్టు మెట్టూ’ అని పిలుస్తున్నారట."

పిట్ట మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. తల్లి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. ఆమెకు లోపల కాస్త చిరాకుగానే ఉంది. రేపు ఆఫీసులో ఎవరికైనా తెలిస్తే ఎంత తలవంపు!

"ప్రశ్న సరిగ్గా చదువుకున్నావా అసలు?"

"చదువుకున్నా."

"మరి ఏం రాశావ్? తీయమని రాశావా, వద్దని రాశావా?"

"ఏదీ రాయలా." పిట్ట ముక్కు ఎగబీల్చింది. "ఆ అవ్వ ఎక్కడుందని రాశా."

తల్లి చెయ్యి పిల్ల భుజం మీదే ఉండిపోయింది.

"అవ్వ దగ్గర ఎవరూ లేరు కదమ్మా. ఆ అక్క పరీక్షకి వచ్చేసింది. అవ్వ రోడ్డు పక్కన ఒక్కతే ఉంది. అందరూ గేటు గురించే అడుగుతున్నారు. అందుకని ముందు ఎవరైనా వెళ్ళండి అని రాశా. అది తప్పా?"

"తుంటి..." అంది ఆమె. "తుంటి విరిగితే..."

"ఊఁ. కూర్చోబెట్టకూడదు అని కూడా రాశా. నువ్వే కదా చెప్పావ్? నాయనమ్మ బాత్రూంలో పడితే నాన్న లేపబోయాడు, నువ్వు అరిచావ్ కదా. ‘లేపకండి, కూర్చోబెట్టకండి, పిట్టా నువ్వు తల దగ్గర కూర్చో, కదలకు, నాయనమ్మతో మాట్లాడుతూ ఉండు’ అని. తర్వాతే కదా నువ్వు అంబులెన్సుకి ఫోన్ చేశావ్?" పిట్ట ఇప్పుడు తల్లి ముఖంలోకి చూసింది. "తుంటి సంగతి నేను రాశానని నీకెలా తెలుసు?"

ఆమె ఏం చెప్పిందో ఆమెకే తెలియదు. పొయ్యి మీద ఏదో ఉందని లేచి వంటింట్లోకి వచ్చి గోడ పట్టుకుని నిలబడింది. చిన్నపిల్ల గొంతు పెట్టి చదివింది తను. ఆ పిల్ల గొంతు పెట్టుకోవడానికి వెతుక్కోనక్కర్లేదు, రోజూ వింటున్న గొంతే. అందులో మాటలు తనవే. తన నోటి మాటలు కాగితం మీద కనిపిస్తే పోల్చుకోలేకపోయింది సరికదా, పగలబడి నవ్వింది. ఒకటి వేసింది. రబ్బరు బ్యాండు కూడా వేసింది. ఎవరో వెనక నుంచి వచ్చి చెంప మీద కొట్టి, తిరిగి చూస్తే అదీ తన చెయ్యే అయినట్టుంది ఆమెకు.

శుక్రవారం ఆమె ఆఫీసుకు గంట ముందే వెళ్ళింది. అయిపోయిన కట్టలన్నీ అలమారలోంచి దించింది. ఏడు వందల నలభై కాగితాలు. రబ్బరు బ్యాండ్లు తీసి మణికట్టుకు తగిలించుకుంటూ, ఒకటి పడ్డవన్నీ ఏరింది. కొన్ని నిజంగానే పిచ్చి రాతలు. ఒకడు తన సైకిలు బొమ్మ వేశాడట, టైపిస్టు ‘బొమ్మ’ అని టైపు చేసింది. వాటిని పక్కన పెట్టి మిగిలినవి చదువుతుంటే ఆమె వేళ్ళు ఆగి ఆగి కదిలాయి.

"ఆవిడకి మంచినీళ్ళు ఇచ్చారా?"

"పరీక్ష మళ్ళీ పెట్టించొచ్చు. గేటాయన దగ్గర ఫోను ఉంటే ముందు అవ్వ వాళ్ళింటికి చెయ్యాలి."

"మా తాతయ్య కూడా పడ్డాడు. బాగానే ఉన్నా అన్నాడు కానీ బాగా లేడు. అందుకని ఆవిడ బాగానే ఉన్నా అన్నా నమ్మొద్దు."

మొత్తం పదిహేడు. పద్నాలుగు కోడుల చివర రెండు ఉంది, మూడింటి చివర ఒకటి. పదిహేడింటిలో పదకొండు ఆమె పెన్సిలుతో వేసినవి, మిగతా ఆరు గదిలో వేరే బల్లల వాళ్ళవి. అన్నిటి మీదా పక్క అంకె సరిగ్గా అదే. ఎక్కడా ఎవరూ తడబడలేదు. ఈ పిల్లలంతా ఒకరికొకరు తెలియని పిల్లలు. ఏడు వందల మందికి గేటు కనిపించింది, పదిహేడు మందికి మనిషి కనిపించింది. ఆ పదిహేడు మందికీ బుద్ధి లేదని తామే ముద్ర కొట్టారు.

ప్రొఫెసరు గారు మంచివారు. ఎవరినీ ఏకవచనంలో పిలవరు, మాట తొణకనివ్వరు. ఆమెను కూర్చోమని, కాగితాలన్నీ ఓపికగా చదివారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"బాగున్నాయమ్మా, ముచ్చటగా ఉన్నాయి. కానీ మనం అడిగింది న్యాయం గురించి. గేటు తీయడం న్యాయమా కాదా అని. వీళ్ళు జవాబు చెప్పలేదు కదా?"

"ఆవిడ రోడ్డు మీదే ఉంది కదండీ."

"ఎవరు?"

"ఆ ముసలావిడ."

ఆయన చిన్నగా నవ్వారు. "ఆవిడ కథలో ఒక కారణం మాత్రమేనమ్మా. అమ్మాయికి ఆలస్యం కావాలి, అది తన తప్పు కాకూడదు. అందుకని పెట్టాను. బస్సు టైరు పంక్చరైందని రాసినా సరిపోయేది."

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. టైర్ల సంగతి ఆమె ఇంట్లో వాళ్ళకు బాగా తెలుసు. పంక్చరైన టైరును రోడ్డు పక్కన వదిలేయవచ్చు, అది ఏడవదు.

"ఇరవై రెండేళ్ళయిందమ్మా ఈ ప్రశ్న రాసి," అన్నారాయన. "ఎన్ని దేశాల వాళ్ళు వాడారు! ఎంతమంది పెద్దవాళ్ళు చదివారు! ఆవిడ ఏమైందని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు."

"అడిగారండీ," అంది ఆమె. "ఏటా అడుగుతూనే ఉండి ఉంటారు. మేం ఇద్దరం ఒకటి వేస్తే కాగితం మీ బల్ల మీదికి రాదు కదండీ."

ఆయన ముఖంలో ఏదో కదిలింది. కళ్ళజోడు తీసుకుని తుడిచి, మళ్ళీ పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకున్నారు. ఆమెకు ఆశ కలిగింది. ఇంకొక్క క్షణం ఆయన అలాగే ఉండి ఉంటే ఏం జరిగేదో. కానీ ఆయన చదువుకున్న మనిషి, వెంటనే అడగాల్సిన ప్రశ్న గుర్తొచ్చింది.

"ఏమీ అనుకోకండి. వీళ్ళలో మీవాళ్ళెవరైనా ఉన్నారా?"

అబద్ధం చెప్పవచ్చు. పేర్లు మడిచే ఉన్నాయి. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

"మా అమ్మాయి ఉందండీ."

"అలా చెప్పండి!" ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. ముఖం తేటపడింది. పెద్ద బరువేదో దిగిపోయినట్టు ఉంది. "తల్లి మనసు. ఎవరికైనా అంతే. నేను తప్పుపట్టను. అయినా మీ పనిలో ఇన్నేళ్ళూ నాకు ఒక్క లోటు కనిపించలేదు. ఏ కోడు? చెప్పండి, జాబితాలోంచి తీసేయిస్తాను. బోర్డు మీద కూడా తీసేయమని బడికి ఫోన్ చేయిస్తాను."

ఆయన కలం తీశారు. ఆమె కోడు చెప్పింది. ఆయన ఒక గీత కొట్టారు. ఆమె "చాలా థాంక్సండీ" అంది. నమస్కారం పెట్టి, పదిహేడు కాగితాలూ తీసుకుని బయటికి వచ్చింది. మెట్లు దిగుతుంటే కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. నిజం చెప్పాలంటే, ఆ సాయంత్రం దాకా ఆమెకు సంతోషంగానే ఉంది.

ఇంట్లో ఆ మాట చెప్పగానే భర్త ఈల వేశాడు. అత్తగారు మంచం మీంచే చెయ్యి చాపి పిట్ట తల నిమిరింది. పిట్ట నాయనమ్మ మోకాళ్ళ మధ్య దిండు సర్దుతోంది. సర్దడం ఆపలేదు.

"నా పేరు ఒక్కటే తీసేశారా?"

"ఆఁ. రేపు నువ్వు వెళ్ళనక్కర్లేదు."

"నాలాగా ఇంకెవరూ రాయలేదా?"

"రాశారు. ఇంకో పదహారు మంది."

"మరి వాళ్ళు?"

పన్నెండేళ్ళ పిల్ల పెద్దగా ఆలోచించి అడిగిన ప్రశ్న కాదది. దిండు సర్దుతూ అడిగింది. ప్రొఫెసరు గారి గది నుంచి ఇంటి గుమ్మం దాకా వచ్చిన తనకు, చేతిలో ఆ పదహారు కాగితాలూ పట్టుకుని ఉండి కూడా, ఆ ప్రశ్న తట్టలేదు. తన పిల్ల లోపలికి వచ్చేసింది, అంతే, తలుపు వేసేసుకుంది. నిన్న తగిలిన దెబ్బ కన్నా ఇది గట్టిగా తగిలింది. నిన్నటిది తెలియక చేసింది.

"పిట్టా, ఇలా కూర్చో. నీకో సంగతి చెప్పాలి." అత్తగారి ఎదుటే, భర్త ఎదుటే చెప్పేసింది. "నీ కాగితానికి ఒకటి వేసింది నేనే. నీదని తెలీదు. తెలీకపోతే మాత్రం? గట్టిగా చదివి వినిపించాను. అందరం నవ్వుకున్నాం."

ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం సిద్ధంగా ఉండే భర్త కూడా నేల చూస్తూ ఉండిపోయాడు.

"నవ్వేలాగా రాశానా?" అంది పిట్ట.

"లేదమ్మా. నవ్వేలాగా ఏమీ లేదు అందులో."

"మరెందుకు నవ్వారు?"

తల్లి చెయ్యి పట్టుకోబోతే పిట్ట తన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. కోపంతో లాక్కోలేదు, ఊరికే తీసుకుంది. అదే ఎక్కువ నొప్పి పెట్టింది. గోడ వైపు చూస్తూ, "రేపు నేను వెళ్తా," అంది.

"నేనూ వస్తాను," అంది తల్లి.

శనివారం తరగతి ఆఫీసు కింది హాల్లో. పొడుగు బల్లలు, గోడకు ఒక నల్లబోర్డు. వేరువేరు బడుల యూనిఫారాల్లో పాతికమంది పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు. ఒక తల్లి బయట వరండాలో ముఖం తిప్పుకుని నిలబడింది. పాఠం చెప్పడానికి వచ్చింది మాస్టారే. త్రాసమ్మను చూసి నవ్వబోయి, పక్కన పిల్లను చూసి ఆగిపోయారు.

"మీ అమ్మాయా?"

"అవును మాస్టారూ. సోమవారం మనం చదువుకున్న కాగితం దీనిదే."

ఆయన బోర్డు వైపు తిరిగి, అక్కడేమీ లేకపోయినా చాలాసేపు తుడిచారు. తర్వాత పేర్లు పిలిచారు. అందరూ పలికాక పిట్ట లేచి నిలబడింది.

"నా పేరు కొట్టేశారండీ. మళ్ళీ రాసుకోండి."

ఆయన రాసుకున్నారు. తల్లి చివరి బల్ల మీద, పిల్లలకు సరిపోయే ఎత్తులో, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. సోమవారం మళ్ళీ ఈ మేడ మెట్లెక్కుతుందో లేదో ఆమెకు తెలియదు. పదిహేడు కాగితాలూ తన వివరణతో కలిపి పొద్దున్నే ప్రొఫెసరు గారి తలుపు కిందుగా లోపలికి తోసి వచ్చింది. కింద తన పూర్తి పేరు రాసి, తను వేసిన పదకొండు ఒకట్లూ తప్పని రాసింది.

మాస్టారు తనకిచ్చిన పాఠం కాగితం చూసుకుంటూ ప్రశ్న బోర్డు మీద రాశారు. "మనం ఈ ప్రశ్నని ఎలా అర్థం చేసుకోవాలంటే... ముందు అసలు విషయం ఏమిటో పట్టుకోవాలి. ఇక్కడ అసలు విషయం ఏమిటి? గేటు. గేటు తీయాలా, వద్దా..."

ముందు బల్ల మీద కూర్చున్న పిల్ల చెయ్యెత్తింది. పొద్దుటి నుంచీ గోళ్ళు కొరుక్కుంటున్న పిల్ల. తిడతారేమోనని భయపడుతూనే అడిగింది.

"అవ్వ దగ్గర ఎవరున్నారండీ?"

సుద్దముక్క బోర్డు మీదే ఆగిపోయింది. మాన్యువల్లో ఏదైనా సందేహం వస్తే మాస్టారు ఎప్పుడూ ఆమె వైపే చూసేవారు. ఇప్పుడూ అలవాటుగా అటే చూశారు. పిల్లలందరూ వెనక్కి తిరిగారు. పిట్ట కూడా తిరిగింది.

ఆమె లేచి నిలబడింది.

"ఎవరూ లేరమ్మా," అంది. "ఇరవై రెండేళ్ళుగా ఎవరూ లేరు. మేమంతా గేటు దగ్గర ఉన్నాం."